ఘాట్‌లో ఇంజన్ వేడెక్కింది, తర్వాత ముల్లు కిందకి దిగింది: అసలు ప్రమాదం అప్పుడే

ఎస్.కోట నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ కార్ల గురించే గానీ కొత్త మోడల్ రివ్యూ కాదు. మా కారు ఇంజన్‌ని నేనే ఎలా పాడుచేశానో చెప్తాను. ఆ కథలో ఒక విషయం ఉంది. డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ నాకు చెప్పలేదు. మీకూ చెప్పి ఉండరనుకుంటా.

శీతాకాలంలో శని, ఆదివారాలు మా ఊరి మీదుగా వెళ్ళే కార్లు మీకు తెలిసిందే. వైజాగ్, పెందుర్తి, కొత్తవలస, మా ఎస్.కోట, తర్వాత బొడ్డవర. అక్కడి నుంచి కాశీపట్నం, ఆపైన టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, అరకు. బొడ్డవర దాకా దాదాపు మైదానమే. కాశీపట్నం దాటాక మలుపులు మొదలవుతాయి, గాలికొండ దగ్గరికి వచ్చేసరికి వెయ్యి మీటర్ల ఎత్తు దాటేస్తాం. ఆ మలుపుల పక్కన బోనెట్ ఎత్తి, ఆవిరి కక్కుతూ, చుట్టూ జనం సెల్ఫోన్లు పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటూ ఒక కారైనా కనిపిస్తుంది. చాలామంది అనేమాట: "ఘాట్ రోడ్డు కదండీ, వేడెక్కేసింది." కాదు. బాగున్న కారు ఘాట్‌లో వేడెక్కదు. కింద మైదానంలోనే, పది రోజుల ముందే మొదలైన జబ్బు ఘాట్‌లో బయటపడుతుంది, అంతే.

మాదీ అలాగే. పాత పెట్రోలు కారు. కూలెంట్ డబ్బా చూస్తే మినిమమ్ గీత కిందకి వెళ్ళింది. ఏం చేశాను? కుళాయి నీళ్ళు పోసేశాను. నాలుగు రోజులకి మళ్ళీ తగ్గింది, మళ్ళీ పోశాను. "పాత బండి కదా, కొంచెం తాగుతాది" అని నాకు నేనే చెప్పుకున్నా. ఇక్కడే ఆగి ఒక మాట. కారు కూలెంట్ తాగదు. అది పెట్రోల్లా ఖర్చయ్యే సరుకు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతూ ఉండేది. ఏళ్ళ తరబడి చాలా కొద్దిగా తగ్గితే తగ్గొచ్చు. వారంలో వేలెడు తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, లేకపోతే ఇంజన్ లోపలికి పోయి కాలిపోతోంది. మూడో దారి లేదు.

హైదరాబాద్ నుంచి మా బావ, అక్క, పిల్లలు వచ్చారు. అరకు అన్నారు. అయిదుగురం ఎక్కాం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు. టైడా దగ్గరకి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకుతోంది. నేను చూశాను. బావ కూడా చూశాడు. "ఇంకో నాలుగు కిలోమీటర్లు పోనీ బామ్మర్దీ, పైన చల్లగా ఉంటుంది, అక్కడ చూద్దాం" అన్నాడు. తప్పు బావది కాదు, స్టీరింగ్ నా చేతిలో ఉంది. పోనిచ్చాను. ముల్లు ఎర్ర గీత తాకింది. ఆపుదామా అనుకునేలోపు ఒక్కసారిగా కిందకి జారిపోయింది. సగం కాదు, ఇంకా కిందకి, చల్లటి ఇంజన్‌కి ఉండేంత కిందకి. కారులో అందరం హమ్మయ్య అనుకున్నాం. పిల్లలు చప్పట్లు కొట్టారు కూడా.

ఆ తర్వాత ఇంకో రెండు మూడు కిలోమీటర్లు పోయాం. బండి లాగడం లేదు, టకటకమని ఏదో చప్పుడు. కుడి పక్క లోయ, ఎడమ పక్క కొండ, మధ్యలో ఆగిపోయింది.

ఆ ముల్లు ఎందుకు దిగిందో తర్వాత కోటలో మేస్త్రీ చెప్పారు. ఆయన మాటల్లోనే: "నీల్లు లేని సెన్సారు ఏటి సెప్తాది బాబూ? ఖాళీ గిన్నిలో గరిటెట్టి కూర వుడికిందా అని సూసినట్టు." ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ కొస చాలా కార్లలో కూలెంట్‌లో మునిగి ఉంటుంది. అది చెప్పేది ఇంజన్ ఇనుము వేడి కాదు, తన చుట్టూ ఉన్న నీటి వేడి. నీళ్ళన్నీ కారిపోయాక దాని చుట్టూ మిగిలేది గాలి, కాస్త ఆవిరి. అవి నీళ్ళలా వేడిని అందించలేవు. అందుకే ముల్లు దిగుతుంది. లోపల సిలిండర్ హెడ్ మాత్రం మండుతూనే ఉంటుంది. అంటే ముల్లు పైకి వెళ్ళి, మీరు ఏమీ చేయకుండానే గబుక్కున కిందకి వచ్చిందంటే సమస్య పోలేదు. కూలెంట్ పోయింది. ఈ ఎపిసోడ్ చేసిందే ఈ ఒక్క ముక్క కోసం.

దీనికి ఒక పరీక్ష ఉంది, డ్రైవర్ సీట్లోనే చేయొచ్చు. హీటర్ వేడి వైపు పూర్తిగా తిప్పి, ఫ్యాన్ పెంచండి. హీటర్‌కి వేడి వచ్చేది ఇంజన్ కూలెంట్ నుంచే. ఇంజన్ వేడిగా ఉన్నా హీటర్ నుంచి చల్లటి గాలి వస్తోందా? అక్కడికి కూలెంట్ చేరడం లేదు. వెంటనే ఆపేయాలి. వేడి గాలి బాగా వస్తోందా? ఇంకా కొంత కూలెంట్ ఉంది. అప్పుడు ఏసీ ఆపి, హీటర్ అలాగే ఉంచి, కిటికీలు దించి, కారు ఆపడానికి చోటు దొరికేదాకా నెమ్మదిగా వెళ్ళొచ్చు. హీటర్ అప్పుడు చిన్న రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. ఎండాకాలంలో హీటరేంటి అని వెనక సీట్లో వాళ్ళు తిడతారు. తిట్టనివ్వండి.

ఇప్పుడొచ్చే చాలా చిన్న కార్లలో ముల్లే ఉండదు. స్టార్ట్ చేసినప్పుడు నీలం దీపం, వేడెక్కితే ఎర్ర దీపం. ఎర్ర దీపం వెలిగిందంటే అది ముందస్తు హెచ్చరిక అనుకోకండి. అప్పటికే ఆలస్యమైంది.

ఘాట్‌లోనే ఎందుకు బయటపడుతుందో ఒక చిన్న లెక్క. కారు, మనుషులు, సామాను కలిపి 1,500 కిలోలు అనుకోండి. దాన్ని వెయ్యి మీటర్లు పైకి లేపాలంటే, ఇంజన్ పెట్రోలులోని శక్తిలో పావు వంతు చక్రాలకి ఇస్తుందనుకుంటే, ఒక్క ఎత్తు ఎక్కడానికే లీటరున్నర పైగా పెట్రోలు కాలాలి. ఆ పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు కూలెంట్ మోయాలి. ఇంకోపక్క బండి రెండో గేరులో ఇరవై, ముప్పై స్పీడులో ఉంది, ముందు నుంచి రేడియేటర్‌కి తగిలే గాలి తక్కువ. వేడి ఎక్కువ, గాలి తక్కువ. కూలెంట్ నిండుగా ఉంటే ఇది పెద్ద పని కాదు. చిన్న కారులో ఉండేదే నాలుగైదు లీటర్లు, అందులో లీటరున్నర లేకపోతే మాత్రం కష్టమే.

దీనికి తోడు ఒత్తిడి సంగతి. రేడియేటర్ మూత ఉత్త మూత కాదు. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి కంటే అంత ఎక్కువ ఒత్తిడిని లోపల ఆపి ఉంచుతుంది. ప్రెషర్ కుక్కర్ సూత్రమే. మామూలు నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, వెయ్యి మీటర్ల ఎత్తులో అయితే 97 దగ్గరే. మూత బాగుంటే లోపల నీళ్ళు 120 దగ్గరికి వచ్చినా మరగవు. కూలెంట్ కలిపితే ఇంకాస్త పైకి. ఎక్కడైనా చిన్న కారుడు ఉంటే నీళ్ళు పోవడమే కాదు, ఈ ఒత్తిడి కూడా పోతుంది. అప్పుడు మిగిలిన నీళ్ళు తొందరగా మరిగిపోతాయి. అంటే సూది బెజ్జమంత కారుడు రెండు రకాలుగా దెబ్బతీస్తుంది.

ఇక ఆగిపోయిన చోటుకి వద్దాం. నేను దిగి బోనెట్ ఎత్తాను. చేతిలో రెండు నీళ్ళ సీసాలు, భుజం మీద తువ్వాలు. మూత మీద చెయ్యి పెట్టబోతుంటే పైనుంచి దిగుతున్న లారీ ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి అరిచాడు: "ఒరే బాబూ, సెయ్యొగ్గేయ్! ముట్టుకోకు! మొకం కాల్సుకుందామనా ఏటి?"

ఆ మనిషికి నేను రుణపడి ఉన్నా. 115, 120 డిగ్రీల్లో ఉన్న నీళ్ళు ఒత్తిడి వల్లే నీళ్ళుగా ఉన్నాయి. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోతుంది, అందులో కొంత భాగం అక్కడికక్కడే ఆవిరైపోయి మిగతా వేడినీళ్ళని మీ ముఖం మీదకి ఎగజిమ్ముతుంది. ఒక లీటరు నీళ్ళు పూర్తిగా ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల ఆవిరి అవుతుంది, ఊహించుకోండి. తువ్వాలు అడ్డం పెడితే ఆగేది కాదు. మా విషయంలో నీళ్ళు చాలావరకు కారిపోయాయి నిజమే, కానీ బ్లాకులో మిగిలినవి చాలు చర్మం ఊడగొట్టడానికి.

ఆయన లారీ పక్కకి ఆపి వచ్చి ముందు మా కారు వెనక చక్రం కింద రాయి పెట్టాడు. మాకు ఆ ధ్యాసే లేదు. అది కూడా చెప్పాలి. వాలులో ఆగితే హ్యాండ్ బ్రేక్, మొదటి గేరు, చక్రం కింద రాయి, నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి. పిల్లల్ని కారు వెనక కాదు, కొండ వైపు పక్కకి నిలబెట్టండి. బోనెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంటే వెంటనే ఎత్తొద్దు, లోపలి నుంచి లివర్ మాత్రం లాగి వదిలి, ఆవిరి తగ్గాక ఎత్తండి. ఇంజన్ ఆపేసినా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు, అక్కడ వేళ్ళు పెట్టకండి.

తర్వాత కనీసం ముప్పావు గంట ఊరుకోవాలి. ఇది చాలామందికి చేతకాదు. పావుగంటకే నీళ్ళు కుమ్మరిస్తారు. కాగిన పెనం మీద చన్నీళ్ళు పోస్తే ఎలా చిటపటలాడుతుందో తెలుసుగా. వేడి లోహం మీద చన్నీళ్ళు పడితే హెడ్ పగిలే ప్రమాదం ఉంది. చల్లారిందో లేదో తెలియాలంటే పైన ఉండే లావు హోస్ పైపుని గుడ్డ పెట్టి నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉంది. మెత్తగా అణిగితే అప్పుడు మూత మీద మందంగా గుడ్డ వేసి, ముఖం పక్కకి తిప్పుకుని, పావు చుట్టు తిప్పి ఆగండి. బుస్సుమన్న చప్పుడు పూర్తిగా ఆగాకే మిగతా చుట్టు.

ఒకవేళ చెయ్యి కాలితే 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ళ కింద పెట్టండి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, పసుపూ వద్దు. పెద్ద గాయమైతే 108.

పోయడానికి ఏ నీళ్ళు? ఆ సమయంలో మంచినీళ్ళ సీసా అయినా, గుడ్డతో వడకట్టిన వాగు నీళ్ళయినా ఫర్వాలేదు. ఇంజన్ బతకడం ముఖ్యం. ఇంటికొచ్చాక అదంతా తీయించి సరైన కూలెంట్ పోయించాలి. బోరు నీళ్ళలో ఉండే లవణాలు లోపల చట్టులా పేరుకుంటాయి, అల్యూమినియంని తినేస్తాయి. నేను పదిరోజులు పోసిన కుళాయి నీళ్ళు చేసిన మేలు అదే.

ఈ నీళ్ళు పోసుకుంటూ వెళ్ళడం కారు పుట్టినప్పటి నుంచీ ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారు తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వెళ్ళింది. సుమారు 106 కిలోమీటర్లు. మన వైజాగ్ నుంచి అరకు దాదాపు అంతే. ఆ కారులో నీళ్ళు మరిగి ఆవిరైపోవడమే చల్లబరిచే పద్ధతి. అందుకని దారి పొడుగునా ఎక్కడ దొరికితే అక్కడ నీళ్ళు నింపుకుంటూ, ఎత్తు వచ్చినచోట పిల్లలు తోస్తుంటే వెళ్ళింది. 1900 నాటికి విల్హెల్మ్ మేబాక్ వేలకొద్దీ సన్నటి గొట్టాలతో తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాక ఆ అవసరం పోయింది. నేను మాత్రం మళ్ళీ 1888కి వెళ్ళిపోయాను.

లారీ ఆయన టార్చ్ వేసి చూసి, రేడియేటర్ కింద హోస్ చివర, క్లిప్ పక్కన చీలిక చూపించాడు. చుట్టూ తెల్లగా, పచ్చగా ఎండిన మరక. అంటే ఆ చీలిక నిన్నటిది కాదు. సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా చుట్టి కట్టాడు. హోస్ పొడుగ్గా ఉంటే చీలిన కొస కోసేసి మళ్ళీ క్లిప్ బిగించొచ్చు, అది ఇంకా మేలు. పాత లారీల వాళ్ళు రేడియేటర్లో పసుపు పోసేవారట, ఆ పొడి వెళ్ళి చిల్లులో ఇరుక్కుని కారుడు ఆగేది. ఇప్పటి కార్ల గొట్టాలు చాలా సన్నం. చిల్లుతో పాటు అవీ మూసుకుపోతాయి, కాబట్టి పసుపు, కోడిగుడ్డు తెల్లసొన లాంటి ప్రయోగాలు వద్దు.

కట్టు నిలిచింది గానీ ఇంజన్ నిలవలేదు. వెనక నుంచి తెల్లటి పొగ, తియ్యటి వాసన. ఆయిల్ పుల్ల తీస్తే టీ రంగులో నురగ. హెడ్ గ్యాస్కెట్ పోయింది. అల్యూమినియం హెడ్ కాగితం మందమంత, అంటే 0.1 మిల్లీమీటరు వంగినా చాలు, కింద బ్లాకుతో సరిగ్గా అతకదు. బండిని తాడు కట్టి దించాం. హెడ్ ఊడదీసి, లేతు షాపులో ఫేసింగ్ కొట్టించి, గ్యాస్కెట్ కిట్టు, ఆయిల్, కూలీ అన్నీ కలిపి 38 వేలయింది. హోస్ పైపు ఖరీదు 350. మొదటిసారి డబ్బా తగ్గినప్పుడే మేస్త్రీ దగ్గరికి వెళ్ళుంటే అయ్యేది ఆ 350తోనే. ఎర్ర గీత దగ్గర ఆపేసి ఉన్నా హెడ్ దక్కేదేమో. ముల్లు దిగిందని మురిసిపోయి నడిపిన ఆ రెండు మూడు కిలోమీటర్లే మిగతా డబ్బంతా తిన్నాయి.

మరి ముందుగా ఎలా పట్టుకోవాలి? మీ చేతిలో ఫోన్ ఉంది కదా. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కారు సమానమైన నేల మీద ఉండగా కూలెంట్ డబ్బాకి ఒక ఫోటో తీయండి, గీతలు కనపడేలా. వచ్చే వారం మళ్ళీ. తేదీ ఫోన్ ఉంచుకుంటుంది, గుర్తుపెట్టుకోవాల్సిన పని మీకు లేదు. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం తీస్తున్నా. లిక్విడ్ కూల్డ్ బైకులు నడిపే తమ్ముళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది, మీ బండికీ చిన్న డబ్బా ఉంటుంది, ఎక్కడుందో ఒకసారి వెతకండి.

రాత్రి కారు కింద పాత అట్టముక్క పరచండి. ఏసీ నుంచి కారే నీళ్ళు రంగు లేకుండా, వాసన లేకుండా ఉంటాయి, దానికి కంగారు పడొద్దు. రంగున్న చుక్క, వేలికి కాస్త జిడ్డు, తియ్యటి వాసన ఉంటే కూలెంటే. రుచి మాత్రం చూడకండి, నిజంగా చెప్తున్నా. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి. పిల్లలున్న ఇంట్లో ఆ మరక కడిగేయండి, మిగిలిన డబ్బా పైన పెట్టండి.

అట్ట మీద ఏమీ పడలేదు, అయినా కూలెంట్ తగ్గుతోందా? ముందు సీటు కింద మ్యాట్ తడిగా ఉందేమో, అద్దాలకి లోపల జిడ్డు మసక పడుతోందేమో చూడండి, హీటర్ దగ్గర కారుతుండొచ్చు. అదీ కాకపోతే ఇంజన్ లోపలికే పోతోందేమో. మేస్త్రీ దగ్గర ప్రెషర్ టెస్టర్ ఉంటుంది, సైకిల్ పంపులాంటిది. రేడియేటర్ మూత చోట బిగించి గాలి కొడితే ముల్లు నిలబడాలి. దిగుతుంటే కారుడు ఉన్నట్టే. "చూడకుండానే రేడియేటర్ మార్చేద్దాం" అనే ముందు ఇది చేయించమని అడగండి, సిగ్గుపడొద్దు.

కూలెంట్ రంగు చూసి కొనేవాళ్ళున్నారు, "మాది ఆకుపచ్చ" అని. రంగు కంపెనీ ఇష్టం, దానికి ఒక నియమం లేదు. కారు పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే కొనండి. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు లోపల జిగురు కడుతుంది. కొత్తగా నింపాక లోపల గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపించి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక, చల్లారనిచ్చి మళ్ళీ మట్టం చూడాలి. ఆ పని చేయకపోతే మేస్త్రీ షాపు నుంచి బయటికి వచ్చిన రోజే మళ్ళీ వేడెక్కుతుంది.

ఆ రోజు అరకు వెళ్ళలేదు. తర్వాతి శీతాకాలంలో అదే కారులో వెళ్ళాం. టైడా దగ్గర అందరం ముల్లు వైపే చూస్తున్నాం, మా మేనల్లుడైతే గట్టిగా చదువుతున్నాడు, "సగం, మావయ్యా, సగం" అని. గాలికొండ దాకా సగం దాటలేదు. దిగేటప్పుడు మాత్రం బ్రేకులు వాసన కొట్టాయి. అది వచ్చే ఎపిసోడ్‌లో.